జమలోనూ ఖర్చులోనూ ఒకే పేరు

ఆషాఢం రాగానే మా ఇంట్లో అటక మీది ఇనుప పెట్టె కిందికి దిగుతుంది. అందులో ఉన్నవి చందా పుస్తకాలు. శాలిబండ హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల మా బస్తీ. బస్తీ బోనాల లెక్క ముప్ఫై ఏళ్లకు పైగా నేనే రాస్తున్నాను. ఉద్యోగమంతా లెక్కల సెక్షన్‌లోనే గడిచినవాణ్ని. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో చూడ్డం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

కిందటేడు 1986 పుస్తకం చేతికొచ్చింది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగాటి కాగితాలు, అంచులు చెదలు కొట్టేశాయి. ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు. జమలో కిరాణా సేటు 51, పాలాయన 11, టైలరు 5. ఖర్చులో వేపమండలు, గుగ్గిలం, సాకకు కల్లు, తొట్టెలకు వెదురుబద్దలు, రంగు కాగితాలు, డప్పులు ఆరుగురికి. చూస్తూ చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. జమ పేజీలో ఆ పేరుకెదురుగా అయిదు రూపాయలు. ఖర్చు పేజీలో అదే పేరుకెదురుగా ముప్ఫై. మా డప్పు పెద్దాయనది. పండక్కి చందా ఇచ్చాడు, పండక్కి డప్పు కొట్టి కూలి తీసుకున్నాడు. తొట్టెల కట్టినాయన పేరూ రెండు పక్కలా ఉంది. ఫలహారం బండి అలంకరించిన పెయింటరు పేరూ ఉంది. ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆ ఏడాది అలా రెండు పేజీల్లోనూ ఉన్న పేర్లు తొమ్మిది.

తర్వాతి పుస్తకాలన్నీ వరసగా తీశాను. జమ అంకెలు పెరుగుతూ పోయాయి. 116 అయింది, 516 అయింది, 5,116 అయింది. బస్తీలో పుట్టి పడమటి వైపు వెళ్లిపోయి బాగుపడ్డ పిల్లలు ఫోన్‌లోనే పంపించేస్తున్నారు. రెండు పేజీల్లోనూ కనిపించే పేర్లు మాత్రం ఆరయ్యాయి, మూడయ్యాయి. ఇప్పుడు ఒక్కటి మిగిలింది.

పక్కనే కూచుని పుస్తకాలు అందిస్తున్న మా అమ్మాయితో ఇది చెబితే, తను ఒప్పుకోలేదు. తనకు రాయదుర్గంలో ఉద్యోగం. "నాన్నా, ముందు డబ్బు రావాలి, కళలు తర్వాత వాటంతటవే వస్తాయి. ఫ్లారెన్స్ చూడు. బ్యాంకులు నడిపినవాళ్లే బొమ్మలు వేయించారు. మనకిప్పుడే కదా డబ్బొచ్చింది, ఇంకో తరం ఆగు" అంది.

తను అన్నదాంట్లో తోసెయ్యాల్సిందేమీ లేదు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. పాతికేళ్లు తిరిగేసరికి, 2023 ఆగస్టులో, కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన ఎకరం వంద కోట్లు దాటింది. ఒక ఊరి చరిత్రలో ఇంత తక్కువ కాలంలో ఇంత డబ్బు దిగడం అరుదు. ఆ డబ్బు కళను తెస్తుందా అన్న ప్రశ్న నన్ను వానాకాలమంతా వదల్లేదు.

ఫ్లారెన్స్ సంగతి నేనూ కొంత చదివాను. రాబర్ట్ లోపెజ్ అనే చరిత్రకారుడు 1950ల్లో తలకిందులు వాదన ఒకటి తెచ్చాడు. ఇటలీలో ఆ చిత్రాలూ శిల్పాలూ వెల్లువెత్తిన కాలం వ్యాపారం ఉరకలేసిన కాలం కాదట. పెద్ద ప్లేగు తర్వాత బేరాలు మందగించాయి. డబ్బు తిప్పడానికి లాభసాటి చోటు దొరక్క వర్తకులు గుళ్ల మీదా బొమ్మల మీదా పెట్టారన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆయనతో గట్టిగానే తగువులాడారు. ఆ తగువు తీర్చే చదువు నాకు లేదు. కానీ అది చదువుతున్నంతసేపూ నాకు మా రోడ్డే కళ్లముందు ఆడింది.

చార్మినార్ దగ్గర్నుంచి దక్షిణంగా మక్కా మసీదు దాటి వస్తే శాలిబండ. రాజా రాయరాయన్ దేవిడీ గడియార స్తంభం ఈ రోడ్డు మీదే. మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఇక్కడే ఉండేది. ఆయన 1901 నుంచి 1912 దాకా నిజాం రాజ్యానికి దివాను, మళ్లీ 1926 నుంచి 1937 దాకా ప్రధాని. 'షాద్' అనే కలం పేరుతో ఉర్దూలోనూ పారసీలోనూ కవిత్వం రాశాడు, బొమ్మలు వేశాడు. ఆయన దేవిడీలో ముషాయిరాలు జరిగేవి. ఇక్బాల్‌కూ ఆయనకూ నడిచిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఉత్తరాదిన బతుకు చెడిన కవి ఫానీ బదాయునీ ఆయన అండ చూసుకునే హైదరాబాద్ వచ్చాడు.

కిషన్ పర్షాద్ పూర్వీకుడు చందూలాల్. 1806లో పేష్కారు అయ్యాడు, 1843లో పదవి దిగిపోయాడు. దాదాపు నలభై ఏళ్లు రాజ్యం తాళాలు ఆయన బొడ్లోనే ఉన్నాయి. ఆయనా కవే, కలం పేరు 'షాదాన్'. ఢిల్లీ నుంచి కవి జౌక్‌ని రమ్మని పిలిపించాడనీ, ఆయన తన ఊరి సందులు వదిలి రాలేనన్నాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. కవులకు ఆ కాలంలో హైదరాబాద్ చెట్టునీడ. అదే కాలంలో ఖజానా మాత్రం ఖాళీ. కుంఫిణీ అధికారుల కింది కంటింజెంటు సైన్యం జీతాలకు పామర్ అనే వడ్డీ కంపెనీ దగ్గర హెచ్చు వడ్డీకి అప్పులు చేశారు. చివరికి ఆ సైన్యం పద్దు కింద పేరుకున్న బాకీకి 1853లో బీరారు ప్రాంతాన్నే కుంఫిణీకి అప్పగించాల్సి వచ్చింది. ఇంకొంచెం దక్షిణానికి పోతే ఫలక్‌నుమా. దాన్ని కట్టిన వికారుల్ ఉమ్రా అప్పుల్లో మునిగిపోయి చివరికి నిజాముకే ఇచ్చేశాడు.

మా రోడ్డు మీద గొప్పదనం వెలిగిన రోజులు ఖజానా నిండిన రోజులు కావు.

ఇక్కడ ఒక మాట దాటవేస్తే నేను లెక్కల మనిషిని కాను. చందూలాల్ కవులకిచ్చిన డబ్బు ఎవరిది? శిస్తు వసూలు ఇజారాకిచ్చి, పాడుకున్నవాళ్లు రైతు దగ్గర పిండుకున్న డబ్బు అది. మెదక్‌లోనో నల్లగొండలోనో ఎడ్లు అమ్ముకున్న రైతు ఇంటికి షాదాన్ కవిత్వం ఒక్క పాదం కూడా చేరలేదు. ముషాయిరా దీపానికి నూనె ఎవరు పోశారో అడగకుండా దాని వెలుగు గురించి రాయబుద్ధి కాదు నాకు. జమ పేజీలో ఆ రైతు పేరుంది, ఖర్చు పేజీలో లేదు.

అయినా అప్పులో ఉన్న రాజ్యంలో కవిత్వం ఎలా నిలిచిందన్న ప్రశ్న మిగిలే ఉంది. నాకు తోచిన జవాబు ఒకటే. డబ్బు ఇచ్చేవాడికి ఆ విద్య చేతనవును. షాదాన్ ఎదట ఛందస్సు తప్పిన గజల్ చదివి శాలువా కప్పించుకుపోవడం కుదరదు. షాద్ ఇంటి ముషాయిరాలో 'వాహ్' అనిపించుకోవాలంటే, కిందటి రాత్రి తానే ఒక మిస్రా దగ్గర నిద్ర కాచిన మనిషి నోటి నుంచి అనిపించుకోవాలి. డబ్బు కంటే అరుదైన సరుకు ఆ చెవి.

అంతకుముందు గోల్కొండ రోజుల్లో రాజ్యం నిజంగానే సంపన్నం. కొల్లూరు గనుల వజ్రాలు, బందరు రేవు ఓడలు, కలంకారీ బట్టలు. ఊపు అంటే అదీ. 1591లో ఈ ఊరు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో కవితల దివాను రాసుకున్న కవి. అతని తండ్రి ఇబ్రహీంను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో మొదటి కావ్యం 'యయాతి చరిత్ర' రాసి పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. రాజధాని బయట ఒక అధికారి ఇంట్లో, సంస్కృత పదం ఒక్కటి దొర్లకుండా రాసిన తెలుగును విని మెచ్చుకునే చెవి ఉందన్నమాట. ఇవాళ పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఊరు. ఆ మాట తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

మా గుడికి పేరిచ్చిన అక్కన్న మాదన్నలు ఆ రాజ్యం చివరి రోజుల్లో తానీషా దగ్గర మంత్రులు. వాళ్ల మేనల్లుడు కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారు. ఖజానాకు చేరాల్సిన శిస్తు పెట్టి భద్రాద్రిలో గుడి కట్టాడు. సర్కారు లెక్కలో అది దుర్వినియోగం, నేను ఆ కుర్చీలో ఉన్నా అలాగే రాసేవాణ్ని. ఆయన్ని గోల్కొండ కోటలో బంధించారు. ఆ చీకట్లో పాడుకున్నాడంటున్న పాటలే మూడు వందల ఏళ్ల తర్వాత మా అమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పాడేది. 1687లో కోట పడిపోయింది, వజ్రాలు ఎటో పోయాయి. జైల్లో పుట్టిన పాట మా వాకిట్లో ఉంది.

ఇలా అంటున్నానని డబ్బుకూ కళకూ సంబంధమే లేదంటానా? అనలేను. మా అమ్మాయి వాదనకు గట్టి సాక్ష్యం నా పెళ్లిలోనే ఉంది. మా అత్తవారిది తెనాలి పక్క పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవ నీళ్లొచ్చాయి, వరి పండింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఒక తరం తిరిగేసరికి తెలుగు నాటకం లేచి నిలబడింది. రాజమండ్రిలో 1880లో కందుకూరి నాటకాలాడించాడు. తర్వాత చిలకమర్తి 'గయోపాఖ్యానం', తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. ఆ డబ్బే పత్రికలైంది, ఆ డబ్బే మద్రాసుకు పోయి సినిమా అయింది. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. ఇది కచ్చితంగా సంపద తెచ్చిన వెలుగే.

కానీ ఆ వెలుగు ఎలా ఉండేదో నేను కళ్లారా చూశాను. పెళ్లయిన కొత్తల్లో సంక్రాంతికి వెళ్లాను. మా మామగారు ఏడెకరాల రైతు. పొద్దున్నే కళ్లంలో ధాన్యం తూర్పారబడుతూ, చేట ఎత్తిన లయలోనే రాయబారం పద్యం ఎత్తుకున్నారు. రాగం ఒకచోట జారింది. ఆగిపోయి, చేట దించి, గొంతు సవరించుకుని మళ్లీ మొదటి పాదం నుంచి మొదలెట్టారు. పక్కన బస్తా పట్టుకున్న పాలేరు "అక్కడ కాదండీ, పై పాదంలోనే దించేశారు" అన్నాడు. మామగారు తల ఊపి మూడోసారి ఎత్తుకున్నారు. ఆ రాత్రి ఊళ్లో నాటకం. తెనాలి నుంచి వచ్చిన కృష్ణ వేషధారి అదే పద్యం పాడితే "వన్స్ మోర్" అని మొదట అరిచింది ఆ పాలేరే. రెండోసారి మరింత బాగా పాడాల్సి వచ్చింది, ఎందుకంటే ఎదురుగా పెట్రోమాక్స్ వెలుగులో చాపల మీద కూచున్నవాళ్లలో సగం మందికి ఆ పద్యం వచ్చు. హార్మణీ ఆయనకు మామగారు ధాన్యం బస్తా ఇవ్వడం నేను చూశాను. ఇచ్చేటప్పుడు ఇద్దరి మధ్యా పొద్దుటి ఆ జారిన స్వరం గురించే మాట.

కాలవ నీళ్లు ఆ ధాన్యాన్నిచ్చాయి, నిజమే. ఆ ధాన్యం ఇచ్చిన చెయ్యి పద్యం పాడే మనిషిది.

దీనికి అవతలి గట్టున మన తెలంగాణ ఉంది. 1937లో టైమ్ పత్రిక అట్ట మీద నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బొమ్మ వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. అదే రాజ్యంలో అంతకు మూడేళ్ల ముందు, తెలంగాణలో కవులే లేరన్న నింద వస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు పల్లెలకు ఉత్తరాలు రాసి, కవిత్వాలు తెప్పించి, 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. ఖజానా వాళ్లను పోషించలేదు, బళ్లలో వాళ్ల భాషకు చోటు తక్కువ. అంతకుముందు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది కూడా పుస్తకం మీద ప్రేమ ఉన్న కొద్దిమంది పూనుకోబట్టే. సంపద లేని చోట 354 మంది ఉన్నారు. సంపద ఉండి ఉంటే మూడు వేల మంది ఉండేవారేమో, వాళ్ల పుస్తకాలు అచ్చయ్యేవేమో, ఎంత మంది రాసుకున్నవి చెదల పాలయ్యాయో. పేదరికం కళను పెంచుతుందని నేను ఎన్నడూ అనను. అది కవి నోట్లో మట్టి కొడుతుంది.

ఇక ఇప్పటి మాట. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన పొద్దున మా బస్తీలో టపాకాయలు పేలాయి. పాడిన ఇద్దరిలో రాహుల్ సిప్లిగంజ్ మంగళ్‌హాట్ పిల్లాడు, ఈ ఊరి సందుల గొంతు. పాట తీసింది కీవ్‌లోని రాజభవనం ముందు. ఇది పెద్ద డబ్బు చేసిన పనే, చూసి నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ అడుగులో ఉన్న తీన్మార్ ఊపును ఏ నిర్మాతా డబ్బిచ్చి పుట్టించలేదు. గణేశ్ నిమజ్జనాల్లో, బోనాల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, బార్కాస్ అరబ్బుల మర్ఫా పక్కనా పెరిగింది అది. ఆ మర్ఫా నిజాం కొలువులో సిపాయిలుగా వచ్చిన వాళ్ల వాద్యం, కొలువులు పోయాక పెళ్లిళ్ల మీద బతికింది. యాభై ఏళ్లు ఎవరో యాభై రూపాయల చొప్పున ఇస్తూ నిలబెట్టిన లయను వందల కోట్ల సినిమా ఒక్కసారి కోసుకుంది. మళ్లీ విత్తనం ఎవరు వేస్తున్నారు?

మా పుస్తకంలో ఒక ఏడాది ఖర్చు పేజీలో మొదటిసారి 'డీజే అడ్వాన్సు' అని నా చేత్తోనే రాశాను. చందా బాగా వచ్చిన ఏడాది. ఆ రాత్రి లారీ మీద నిలువెత్తు పెట్టెలు వచ్చాయి. సందులో కిటికీ అద్దాలు అదిరాయి, పసిపిల్లలు చెవులు మూసుకున్నారు. డప్పు పెద్దాయనా, ఆయన వెంట మిగిలిన ఇద్దరూ లారీ వెనక నడిచారు. గుడి మలుపు దగ్గర నేను ఆయన పక్కనే ఉన్నాను. చిర్ర పడుతోంది, సిటికెన పుల్ల ఆడుతోంది, మణికట్టు తిరుగుతోంది. శబ్దం మాత్రం నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆయనకూ వినపడి ఉండదు. అలాగే ఊరేగింపు చివరిదాకా కొట్టాడు. మర్నాడు కూలి ఇవ్వబోతే, "కొట్టింది ఎవరికీ ఇనవళ్లే గద సారూ" అని సగం వెనక్కి ఇచ్చాడు. ఆ సగం నేను ఏ పద్దులో రాయాలో ఇప్పటికీ తెలియలేదు. ఆ ఏడాది పుస్తకంలో ఆ గీత ఖాళీగానే ఉంది.

డబ్బు ఒక్కసారిగా దిగినప్పుడు అది తయారుగా ఉన్నదాన్నే కొంటుంది. తయారు కావడానికి పదేళ్లు పట్టేది కొనడానికి దానికి తీరిక ఉండదు. మా కమిటీలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. డీజే కుర్రాడు సాయంత్రం ఏడింటికి వస్తానంటే ఏడింటికి వస్తాడు. డప్పు కొట్టేవాడు కావాలంటే ఎక్కడో ఒకడు పదేళ్లుగా నేర్చుకుంటూ ఉండాలి, ఆ పదేళ్లూ వాడి ఇంట్లో పొయ్యి వెలగాలి.

పెద్దాయన్ని అడిగాను, మనవడికి నేర్పలేదేమని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "డప్పు కొట్టేటోని కొడుకు అంటే మమ్ములను ఎట్ల చూసిండ్రో నీకెరికే సారూ. వాడు కారు నడుపుతుండు, ఎయిర్‌పోర్టుకు పోతడు వస్తడు. వానికి మల్ల ఇది సంకకు తగిలియ్యాల్నా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 1986 పుస్తకంలో రెండు పేజీల్లోనూ ఆయన పేరుందని మురిసిపోయాను గానీ, ఆ రోజుల్లో ఆయన మా అరుగు కిందే నిలబడి కూలి తీసుకునేవాడు. చావుకూ చాటింపుకూ పిలిస్తే రాకూడదనే హక్కు ఆయనకు లేదు. ఆ మనవడి చేతికి కారు తాళం రావడం వెనక ఇప్పటి డబ్బుంది. అది ఆ కుటుంబానికి చేసిన మేలు ఏ ముషాయిరా చెయ్యలేదు. దండోరా ఉద్యమం, తెలంగాణ ధూంధాంలు వచ్చాక గదా డప్పును తలెత్తుకుని చంకన వేసుకున్నది. గౌరవం లేకుండా విద్య ఒక్కటే మిగలాలని కోరుకునే అర్హత నాకు లేదు.

అందుకే కిందటేడు కమిటీలో ఒక మాట పెట్టాను. పండగ రోజు కూలి కాకుండా, ఏడాది పొడుగునా నెలనెలా ఆయనకు నేర్పినందుకు జీతం ఇద్దాం. అరుగు కింద కాదు, కుర్చీ వేసి, గురువుగా. ఏ కులం పిల్లలైనా సరే, వచ్చి ఆయన దగ్గర నేర్చుకోవాలి. గంటసేపు తగువు జరిగింది. చివరికి చందాలో పదో వంతుకు ఒప్పుకున్నారు. మిగిలింది నేను భరిస్తానంది మా అమ్మాయి. నేను కుదరదన్నాను. డబ్బిచ్చి రాయదుర్గం వెళ్లిపోతే ఒప్పుకోను, ఇస్తే నేర్చుకుంటూ ఇవ్వాలి అన్నాను. కోపం వచ్చింది తనకు. మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో ఆదివారం సాయంత్రం చెప్పులు గుడి బయట వదిలి వచ్చి పిల్లల వరసలో కూచుంది.

మొత్తం అయిదుగురు వస్తున్నారు. గడ్డి, పాత కాగితాలు పోగేసి మంట వేస్తారు. పెద్దాయన డప్పును మంటకు చూపించి, తోలు మీద వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంకా కాలేదంటాడు. మళ్లీ మంటకు పెడతాడు. ఎంత కాగాలో చెప్పడు, ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చి కొట్టించి, వినమంటాడు. మొదటి రెండు నెలలూ ఇదే చదువు. మా అమ్మాయి చూపుడువేలు బొబ్బలెక్కింది.

ఈ ఆషాఢానికి కొత్త పుస్తకం తెరిచాను. జమ పేజీలో మా అమ్మాయి పేరు రాశాను. ఖర్చు పేజీలో డప్పుల పద్దు కింద ఈసారి తన పేరు కూడా రాయొచ్చునా అని పెద్దాయన్ని అడిగాను.

కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఆలోచించాడు.

"వద్దు సారూ, ఇంకో ఏడాది కానీ. బిడ్డకు చిర్ర కుదిరింది. సిటికెన పుల్లనే ఇంకా మాట ఇంటలేదు."